ఎలా చేశావో చెప్పమ్మా: ఇంట్లో లెక్కలు
(ప్రాథమిక పాఠశాల తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పనులు మానుకుని వచ్చారు, అందుకని నేరుగా విషయంలోకి వెళ్దాం. బోర్డు మీద ఈ లెక్క చూడండి. 52 లోంచి 27 తీసెయ్యాలి. రెండో తరగతి పాప 35 అని జవాబు రాసింది.

తప్పే. మరి ఆ 35 ఎక్కణ్ణుంచి వచ్చింది? ఒకట్ల స్థానంలో పైన 2 ఉంది, కింద 7 ఉంది. "పెద్దదాంట్లోంచి చిన్నది తీసెయ్యాలి" అన్న మాట ఆ పాప ఎప్పుడో విన్నది. ఏడులోంచి రెండు తీసింది, ఐదు. పదుల స్థానంలో ఐదులోంచి రెండు తీసింది, మూడు. మొత్తం 35. ఇందులో అజాగ్రత్త ఎక్కడా లేదు. తనకు తెలిసిన నియమాన్ని బుద్ధిగా పాటించింది. ఆ నియమమే ఇక్కడ చెల్లదు.

ఇప్పుడు మనం "సరిగ్గా చూసి చెయ్యి" అంటాం. పాప సరిగ్గానే చూసింది కాబట్టి మళ్ళీ 35 వస్తుంది. "ఇలాంటివి ఇంకో ఇరవై చెయ్యి" అంటాం. ఇరవై లెక్కల్లోనూ అదే నియమం వాడుతుంది, తప్పు ఇంకా గట్టిపడుతుంది. ఆ పాపకి అప్పుడు కావలసింది ఒక్క ప్రశ్న: "ఎలా చేశావో చెప్పమ్మా." ఆ ప్రశ్నకి జవాబు మీరు వింటే అర నిమిషంలో అసలు సంగతి బయటపడుతుంది. ఇంట్లో లెక్కలు చూడటమంటే నా దృష్టిలో ముందు ఇదే. నేర్పించడం బడి పని. ఇంట్లో మనం చెయ్యగలిగింది, బడిలో టీచరుగారికి ముప్పై మంది మధ్య దొరకని పని ఒకటుంది: ఒక్క బిడ్డ ఎలా ఆలోచిస్తోందో తీరిగ్గా వినడం.

అడిగే పద్ధతిలో కొంచెం జాగ్రత్త కావాలి. జవాబు తప్పైనప్పుడే "ఎలా చేశావు" అని అడుగుతుంటే ఆ మాట వినగానే పిల్లలు రబ్బరు తీసి చెరిపేస్తారు. అందుకని జవాబు సరైనప్పుడు కూడా అడగండి. రెంటికీ ఒకే గొంతు ఉండాలి. అడిగాక మనసులో పది లెక్కపెట్టుకోండి. చాలామంది రెండు మూడు సెకన్లలోనే జవాబు మనమే చెప్పేస్తాం, బిడ్డ ఆలోచన అక్కడితో ఆగిపోతుంది. ఇంకోటి, తప్పు లెక్కని చెరపనివ్వకండి. దాని పక్కనే కొత్తగా చెయ్యమనండి. రెండూ కళ్ళ ముందుంటే ఎక్కడ దారి తప్పిందో తనకే కనిపిస్తుంది.

సరే, 52 లోంచి 27 కి వద్దాం. దీనికి కావలసిన సామాను మీ ఇంట్లోనే ఉంది. చీపురుపుల్లల్ని వేలెడు పొడవున ముక్కలు చెయ్యండి, వంద ముక్కలు. పది రబ్బరు బ్యాండ్లు. అంతే. ఆ పుల్లల్ని పదేసి చొప్పున కట్టలు కట్టే పని మాత్రం మీరు చెయ్యకూడదు. బిడ్డే లెక్కపెట్టి కట్టాలి. మనం కట్టి ఇచ్చిన కట్ట పిల్లలకి ఒక వస్తువు, తాము కట్టిన కట్ట పది పుల్లలు. అంకె ఉన్న చోటుని బట్టి దాని విలువ మారడమే స్థానవిలువ, అదంతా ఈ తేడాలోనే ఉంది.

ఇప్పుడు 52 పెట్టమనండి. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు. "ఇందులోంచి ఇరవై ఏడు నాకివ్వు" అనండి. రెండు కట్టలు ఇచ్చేస్తుంది. ఏడు విడి పుల్లలు ఇవ్వాలి, దగ్గర రెండే ఉన్నాయి. ఇక్కడ మీరు నోరు మెదపకండి. చాలామంది పిల్లలు కాసేపు చూసి, వాళ్ళంతట వాళ్ళే ఒక కట్టకున్న రబ్బరు బ్యాండ్ తీసేస్తారు. ఇప్పుడు విడి పుల్లలు పన్నెండు. అందులోంచి ఏడు ఇస్తే ఐదు మిగులుతాయి. కట్టలు రెండున్నాయి. మొత్తం 25. "మరి ఇందాక 35 వచ్చిందే?" అని అడగండి. చెయ్యీ కాగితమూ వేరువేరు జవాబులు చెబుతున్నాయని బిడ్డ గమనించిన క్షణమే నేర్చుకునే క్షణం.

ఇక్కడ మామూలుగా జరిగే పొరపాటు ఒకటి చెప్తాను. పుల్లలతో రెండు రోజులు చేయించి, "ఆ, వచ్చేసింది" అని కాగితం మీదకి దూకేస్తాం. వారం తిరగ్గానే 35 మళ్ళీ వస్తుంది. పుల్లలకీ రాతకీ ముడి పడలేదు కాబట్టి. ఆ ముడి వెయ్యాలంటే రెండూ ఒకేసారి జరగాలి. ఈసారి కాగితం మీద చేసినట్టే ముందు విడి పుల్లలతో మొదలుపెట్టించండి. రబ్బరు బ్యాండ్ విప్పగానే ఆగి, కాగితం మీద 5 కొట్టేసి 4 రాయమనండి, 2 పక్కన 1 చేర్చి 12 చెయ్యమనండి. చేత్తో ఒక పని, పెన్సిలుతో అదే పని. ఇలా రోజుకి మూడే లెక్కలు, ఒక వారం. ఆ తర్వాత పుల్లలు పక్కన పెట్టి బొమ్మ గీయమనండి: కట్టకి నిలువు గీత, విడి పుల్లకి చుక్క. ఇంకో నాలుగైదు రోజులకి గీతలూ అక్కర్లేదు.

వందలు వచ్చాక పుల్లలు సరిపోవు. అప్పుడు కాగితం నోట్లు చేసుకోండి, పాత నోటుపుస్తకం అట్టలు చాలు. వంద రూపాయలవి పది, పది రూపాయలవి ఇరవై, రూపాయివి ఇరవై. వరస మాత్రం మార్చకండి, ముందు పుల్లలే, తర్వాతే నోట్లు. పుల్లల కట్టలో పది కంటికి కనిపిస్తాయి, పది రూపాయల నోటులో కనిపించవు. అది నమ్మకం మీద నడిచే పది. ఆ నమ్మకం కుదరకముందే నోటు చేతికిస్తే అది పిల్లలకి ఒక రంగు కాగితమే.

నోట్లు వచ్చాక ఈ తప్పు చూడండి. "మూడు వందల ఐదు రాయి" అంటే 3005 అని రాస్తారు. "నూట ఇరవై మూడు" అంటే 10023. చెవికి వినబడింది వినబడినట్టు రాస్తున్నారు: మూడు వందలు అంటే 300, దాని పక్కన ఐదు. కసిరితే ఇది పోదు. మూడు రకాల చీటీలు చెయ్యండి. పొడవైన చీటీల మీద 100, 200, అలా 900 వరకు. అందులో మూడింట రెండు వంతుల పొడవున్న వాటి మీద 10, 20, అలా 90 వరకు. మూడింట ఒక వంతున్న వాటి మీద 1 నుంచి 9. కుడి అంచులు కలిసేలా 300 మీద 5 పెడితే, చివరి సున్నా మూసుకుపోయి 305 కనబడుతుంది. పైచీటీ ఎత్తితే కింద సున్నా అలాగే ఉంటుంది. ఆ సున్నా ఎక్కడికీ పోలేదు, దాని చోట్లో ఐదు కూర్చుంది. నాలుగైదు రోజులు ఈ చీటీలతో ఆడితే చాలా మందికి ఆ తప్పు దానంతటదే పోతుంది.

ఇక మూడో తరగతిలో పిల్లల్ని ఏడిపించే లెక్క 300 లోంచి 148. పైన రెండు సున్నాలు. పక్కింటికి వెళ్తే అక్కడా లేదు, ఆ పైయింటికి వెళ్ళాలి. చాలామంది 300 లోని 3 కొట్టేసి, రెండు సున్నాల మీదా 10 వేసేసి, 162 రాస్తారు. నోట్లతో చేస్తే ఒక వందని పది పదులుగా మార్చి, ఆ పదుల్లోంచి ఒకటి విప్పి రూపాయి నోట్లు పది చేసుకోవాలి. అప్పుడు పదులు తొమ్మిదే మిగులుతాయన్నది కంటికి కనిపిస్తుంది. ఇది ఒక దారి. ఇంకో దారి కొట్టువాడు చిల్లర ఇచ్చే దారి. 148 కి 2 కలిపితే 150. దానికి 50 కలిపితే 200. ఇంకో 100 కలిపితే 300. మొత్తం ఎంత కలిపాం? 152. బడిలో అడిగే పద్ధతి మొదటిదే, పరీక్షలో అలాగే రాయాలి. కానీ జవాబు సరిచూసుకోవడానికి రెండోది వచ్చి ఉండాలి. రెండు దారులు తెలిసిన బిడ్డకి "నా జవాబు తప్పు" అని తనకి తానే తెలుస్తుంది, ఇంకొకరు టిక్కు పెట్టే దాకా ఆగక్కర్లేదు.

ఒకటో తరగతి, అంగన్‌వాడీ పిల్లలు ఉన్నవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళ కోసం కొంచెం వెనక్కి వెళ్తాను. మావాడు వంద దాకా అప్పజెప్పేస్తాడు అంటారు. సంతోషం. ఇప్పుడు ఎనిమిది చింతగింజలు చెదరగొట్టి లెక్కపెట్టమనండి. ఒక్కో గింజకీ ఒక్కో అంకె చెప్తున్నాడా, లేక చెయ్యి ఒకలా నోరు ఇంకోలా పోతోందా చూడండి. లెక్కపెట్టాక "మొత్తం ఎన్ని?" అని అడగండి. ఎనిమిది అని చెప్పకుండా మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడితే, చివర చెప్పిన అంకే మొత్తమని ఇంకా తెలియలేదన్నమాట. గింజల్ని దూరదూరంగా జరిపి "ఇప్పుడెన్ని?" అనండి. ఎక్కువయ్యాయి అంటే కంగారు పడకండి, ఆ వయసులో అది సహజమే. రోజూ కంచాలు పెట్టేటప్పుడు "ఇంట్లో ఎంతమందిమి, ఎన్ని కంచాలు కావాలి" అని అడుగుతూ ఉంటే నిలకడ వస్తుంది.

వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటే కొట్టకండి. దయచేసి. వేళ్ళు దేవుడిచ్చిన మొదటి పలక. మన పెద్దవాళ్ళు నాలుగు వేళ్ళ కణుపుల మీద బొటనవేలితో పన్నెండు దాకా లెక్కపెట్టేవాళ్ళు. చెయ్యి వెనక్కి దాచుకుని లెక్కపెట్టే బిడ్డ భయాన్ని కూడా లెక్కతో పాటే మోస్తుంది. వేళ్ళు మానాలంటే వేళ్ళకన్నా తొందరైన దారి ఒకటి దొరకాలి. అది పదికి జోడీలు. ఒకటి తొమ్మిది, రెండు ఎనిమిది, మూడు ఏడు, నాలుగు ఆరు, ఐదు ఐదు. పది గింజలు తీసుకుని కొన్ని పిడికిట్లో దాచండి, మిగిలినవి చూపించండి. "ఇక్కడ నాలుగున్నాయి, పిడికిట్లో ఎన్ని?" బస్సు కోసం నిలబడ్డప్పుడైనా ఆడొచ్చు. అడగ్గానే చెప్పే స్థితికి వచ్చాక 8 + 5 అడగండి. ఎనిమిదికి పది కావాలంటే రెండు కావాలి, ఐదులోంచి రెండు ఇచ్చేస్తే మూడు మిగిలాయి, పదమూడు. ఇది వచ్చిన బిడ్డకి వేళ్ళతో పనుండదు. మీరు మాన్పించక్కర్లేదు.

అన్నట్టు 3 + 9 అడిగినప్పుడు మూడు నుంచి మొదలెట్టి తొమ్మిది వేళ్ళు లెక్కపెడుతోందా, తొమ్మిది నుంచి మొదలెట్టి మూడే లెక్కపెడుతోందా గమనించండి. మొదటిదైతే, గింజల కుప్పలు రెండూ అటుదిటు మార్చి పెట్టి చూపించండి, మొత్తం మారదని. ఒకటీ రెండు తరగతుల్లో దీనికి మించిన సులువు ఇంకోటి లేదు.

ఎక్కాల సంగతి. అందరూ ఎదురుచూస్తున్నది ఇదే అనుకుంటాను. రెండు ఒకట్లు రెండు, రెండు రెళ్ళు నాలుగు అని పాటలా చదవడం మంచిదే. చెవికి పట్టిన లయ ఊరికే పోదు. చిక్కు ఎక్కడంటే, "ఏడు ఎనిమిదులు ఎంత?" అనగానే ఏడు ఒకట్లు ఏడు దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. పెద్ద గుణకారం మధ్యలో ఇలా ప్రతిసారీ మొదటికి వెళ్ళి వచ్చేసరికి అసలు లెక్క ఎక్కడున్నామో మర్చిపోతారు.

ఒకటి నుంచి పది ఎక్కాల్లో వంద జవాబులుంటాయి. వంద కంఠస్థం చెయ్యాలంటే ఏ బిడ్డకైనా బెదురే. ఆ వందని తగ్గిద్దాం. ఆరు ఏళ్ళన్నా ఏడు ఆర్లన్నా ఒకటే. కంచంలో ఆరు వరసలు, వరసకి ఏడు గింజలు పేర్చి, కంచం తిప్పండి, ఏడు వరసలు, వరసకి ఆరు. గింజ కదల్లేదు. దాంతో వంద కాస్తా యాభై ఐదైంది. ఒకటి, రెండు, ఐదు, పది ఎక్కాలు పిల్లలకి తొందరగా వస్తాయి, అవి పక్కన పెడితే ఇరవై ఒకటి. తొమ్మిదో ఎక్కానికి పదో ఎక్కం ఉంది: ఏడు పదులు డెబ్భై, అందులోంచి ఒక ఏడు తీస్తే అరవై మూడు. తొమ్మిది పోతే పదిహేను. నాలుగో ఎక్కం అంటే రెండో ఎక్కాన్ని రెట్టింపు చెయ్యడం. అదీ తీసేస్తే మిగిలినవి పదే పది. రాసుకోండి: మూడు మూళ్ళు 9, మూడు ఆర్లు 18, మూడు ఏళ్ళు 21, మూడు ఎనిమిదులు 24, ఆరు ఆర్లు 36, ఆరు ఏళ్ళు 42, ఆరు ఎనిమిదులు 48, ఏడు ఏళ్ళు 49, ఏడు ఎనిమిదులు 56, ఎనిమిది ఎనిమిదులు 64.

ఈ పదింటినీ అట్టముక్కల మీద రాయండి, ముందు ప్రశ్న, వెనక జవాబు. వారానికి రెండే కొత్తవి. వాటితోపాటు వచ్చినవి ఎనిమిది కలిపి రోజుకి పది చీటీలు, రెండు మూడు నిమిషాలు. కొత్త చీటీ ఇవాళ చూపిస్తే మళ్ళీ రేపు, ఆ తర్వాత మూడు రోజులకి, ఆపైన వారానికి చూపించండి. ఒకే రోజు ముప్పైసార్లు రాయించే బదులు ఇలా ఎడం ఎడంగా అడిగితేనే గుర్తుండేది. మర్చిపోతే జవాబు చెప్పేయకండి, దగ్గరి దారి అడగండి. ఏడు ఎనిమిదులు గుర్తు రాలేదా? ఏడు నాలుగులు ఎంత? ఇరవై ఎనిమిది. రెట్టింపు చెయ్యి. యాభై ఆరు. ఆరు ఏళ్ళు రాలేదా? ఐదు ఏళ్ళు ముప్పై ఐదు, ఇంకో ఏడు, నలభై రెండు. మర్చిపోయినా మళ్ళీ తయారు చేసుకోగలిగితే పరీక్ష హాల్లో బిత్తరపోరు.

ఇరవై ఎక్కాలు రావాలా అని అడుగుతారు. పది ఎక్కాలు అటునుంచి ఇటు, ఇటునుంచి అటు అడగ్గానే వచ్చాక నేర్పితే నేర్పండి. అవి తడబడుతుండగా పదిహేడో ఎక్కం మొదలుపెట్టడం పిల్లల మీద బరువు పెట్టడమే. పన్నెండు ఏళ్ళు కావాలంటే పది ఏళ్ళు డెబ్భై, రెండు ఏళ్ళు పద్నాలుగు, ఎనభై నాలుగు. ఇలా విడగొట్టడమే పెద్ద గుణకారాలకి పునాది.

చిన్న పరీక్ష ఒకటి చెప్తాను, ఇంటికెళ్ళి చూడండి. 8 + 4 = __ + 5 అని రాసి ఖాళీ నింపమనండి. నాలుగో తరగతి పిల్లలు కూడా 12 అని రాస్తారు. సమానం గుర్తు అంటే "ఇక్కడ జవాబు రాయి" అని వాళ్ళు అనుకుంటున్నారు. దానికి అటూ ఇటూ విలువ ఒకటే ఉండాలని తెలిస్తే 7 రాస్తారు. 12 రాస్తే అప్పుడప్పుడు లెక్కల్ని తిరగేసి ఇవ్వండి: 9 = 4 + __ అనీ, 6 + 2 = 5 + __ అనీ. ఇప్పుడిది సరిపడకపోతే హైస్కూల్లో బీజగణితం దగ్గర గండిపడుతుంది.

పద సమస్యల విషయంలో మనం తెలిసీ తెలియక చేసే అపకారం ఒకటుంది. "మొత్తం అని ఉంటే కూడు, మిగిలినవి అని ఉంటే తియ్యి, ఎక్కువ అని ఉంటే కూడు" అని గుర్తులు చెప్తాం. ఇప్పుడీ లెక్క వినండి. రాజు దగ్గర 15 గోళీలున్నాయి. అవి రవి దగ్గరున్న వాటికన్నా 6 ఎక్కువ. రవి దగ్గర ఎన్ని? 'ఎక్కువ' కనబడగానే బిడ్డ కూడేసి 21 అంటుంది. రాజు దగ్గర ఎక్కువుంటే రవి దగ్గర తక్కువుండాలి కదా, 9. ఆ గుర్తు పట్టుకోవడం వల్లే లెక్క తప్పింది.

దీనికి ఇలా చెయ్యండి. లెక్క చదివాక పుస్తకం మూసేసి, "ఏం జరిగిందో కథలా చెప్పు" అనండి. అంకెలు గుర్తు లేకపోయినా ఫరవాలేదు. ఎవరి దగ్గర ఎక్కువ, ఎవరి దగ్గర తక్కువ అన్నది చెప్పగలగాలి. చెప్పలేకపోతే కష్టం లెక్కలో లేదు, చదవడంలో ఉంది, మళ్ళీ చదివించండి. తర్వాత బొమ్మ: రాజుకి ఒక పొడుగు పట్టీ, దాని కింద రవికి పొట్టి పట్టీ, తేడా ఉన్న చోట 6. అప్పుడు అడగండి, "జవాబు 15 కన్నా పెద్దదా, చిన్నదా?" అంకెలతో పని ఆ తర్వాతే.

భాగహారంలో రెండు సంగతులు. 612 ని 6 తో భాగిస్తే చాలామంది 12 అంటారు. ఆరులో ఆరు ఒకసారి, తర్వాత 1 లో 6 పోదు, దాన్ని వదిలేసి 12 లో 6 రెండుసార్లు. పోనిచోట సున్నా వెయ్యాలన్నది జారిపోయింది. "సున్నా మర్చిపోయావు" అనే బదులు, లెక్క మొదలుపెట్టకముందే "600 రూపాయలు ఆరుగురికి పంచితే తలా ఎంత?" అని అడగండి. వంద. అయితే 612 కి వందకన్నా తక్కువ వస్తుందా? ఇలా ముందుగా ఉజ్జాయింపు వేసుకునే అలవాటు ఏ తరగతి లెక్కకైనా కాపలా కాస్తుంది.

రెండోది శేషం. 29 మంది పిల్లలు, బెంచీకి నలుగురు, ఎన్ని బెంచీలు కావాలి? నా దగ్గర 29 రూపాయలున్నాయి, పెన్సిలు 4 రూపాయలు, ఎన్ని కొనగలను? రెండూ ఒకే భాగహారం, ఏడుసార్లు పోయి ఒకటి మిగులుతుంది. కానీ బెంచీలు ఎనిమిది కావాలి, పెన్సిళ్ళు ఏడే వస్తాయి. ఈ రెండు ప్రశ్నలూ పక్కపక్కన అడగండి. మిగిలిన ఆ ఒక్కటీ ఏమవుతుందో ఆలోచించాలని పిల్లలకి తడుతుంది.

2005 నుంచి ప్రథమ్ సంస్థ పల్లెల్లో ఇళ్ళకి వెళ్ళి పిల్లల చదువు ఎలా ఉందో చూస్తున్న అసర్ సర్వేలో వాళ్ళకి ఇచ్చే లెక్కల్లో రెండంకెల తీసివేత, మూడంకెల సంఖ్యని ఒక అంకెతో భాగించడం ముఖ్యమైనవి. ఇందాక మనం చూసినవి అవే. 2021లో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ పథకం కూడా ఒకటో తరగతి అయ్యేసరికి 99 దాకా, రెండుకి 999 దాకా, మూడుకి 9999 దాకా సంఖ్యలు చదవడం రాయడం రావాలంటుంది. మీ బిడ్డ ఎక్కడుందో చూసుకోవడానికి ఈ కొలతలు వాడుకోండి. వెనకబడిందని తిట్టడానికి కాదు, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలుసుకోవడానికి. నాలుగో తరగతి బిడ్డకి కట్టలు విప్పే తీసివేత రాకపోతే నాలుగో తరగతి పుస్తకం కాసేపు మూసి, పుల్లలు తియ్యండి. సిగ్గుపడాల్సిన పనేం లేదు.

భిన్నాల దగ్గర ఎక్కువసేపు ఆగను. నాలుగు పెద్దది కాబట్టి నాలుగోవంతు సగంకన్నా పెద్దదనుకుంటారు. ఒకే పొడవున్న కాగితం పట్టీలు మూడు తీసుకుని, ఒకదాన్ని రెండు సమాన భాగాలుగా మడవండి, ఒకదాన్ని మూడుగా, ఒకదాన్ని నాలుగుగా. పక్కపక్కన పెట్టి ముక్కలు పోల్చండి. భాగాలు సమానంగా లేకపోతే అవి భిన్నాలు కావని మాత్రం గట్టిగా చెప్పండి. చపాతీ చేత్తో తుంచి "ఇది సగం" అనకండి. ఇక సగానికి మూడోవంతు కలిపితే ఐదింట రెండు అని రాశారనుకోండి, "ఐదింట రెండు సగంకన్నా పెద్దదా చిన్నదా?" అని అడిగితే చాలు. సగానికి ఏదో కలిపితే సగంకన్నా తగ్గడమేమిటని వాళ్ళే ఆగిపోతారు.

గడియారంలో ఇంకో ఉచ్చు ఉంది. 8:45 కి బయల్దేరి 9:10 కి చేరాం, ఎంతసేపు? 910 లోంచి 845 తీసి 65 నిమిషాలంటారు. గంటకి వంద నిమిషాలనుకుని చేశారన్నమాట. గీత గీసి 8:45 నుంచి 9 దాకా 15, అక్కణ్ణుంచి 10, మొత్తం 25 అని గెంతించండి.

బజారు గురించి చెప్పి తీరాలి. ఇదివరకు పిల్లలు కొట్టుకెళ్ళి చిల్లర లెక్కచూసుకుని వచ్చేవాళ్ళు. ఇప్పుడు మనం ఫోన్‌తో స్కాన్ చేసేస్తున్నాం, చిల్లర పిల్లల కంటపడటం లేదు. వారానికి ఒక్కసారైనా నోట్లు చేతికిచ్చి కూరగాయలకి తీసుకెళ్ళండి. టమాటా కిలో నలభై అయితే పావుకిలో ఎంత, ముప్పావు ఎంత? పావుకిలో అంటే 250 గ్రాములని ముందు చెప్పండి. కాటా మీద అంకె కదిలేటప్పుడు చూడనివ్వండి. కొట్టతను డబ్బులు చెప్పేలోపు బిడ్డ అంచనా చెప్పాలి, అదే ఆట. ఇంట్లో దర్జీ టేపు ఉంటే గుమ్మం, మంచం, చెల్లెలి ఎత్తు కొలిపించండి. కొలిచేముందు అంచనా రాసుకోవాలి. వైకుంఠపాళి ఆడితే గవ్వలో పాచికలో వేశాక, పావు కదపకముందే "ఏ గడిలో దిగుతావు?" అని అడగండి.

ఇంగ్లీషు మీడియం కాబట్టి మేమెలా చెప్పగలం అంటున్నారు కొందరు. మన రెండు రాష్ట్రాల ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ అదే పాఠం ఇంగ్లీషు ఉంటుంది. తెలుగు పేజీ మీరు చదవండి, ఇంగ్లీషు పేజీ బిడ్డని చదవమనండి. ఆలోచన తెలుగులోనే సాగనివ్వండి. అర్థమైన లెక్కకి ఇంగ్లీషు మాట తగిలించడం కష్టం కాదు. థర్టీన్, థర్టీ లాంటివి ఒకేలా వినబడతాయి కాబట్టి 13 కి 30 రాసే పిల్లలున్నారు, అలాంటప్పుడు తెలుగులో అడిగి చూడండి. తెలుగులో సరిగ్గా రాస్తే అది లెక్క తప్పు కాదు, చెవి తప్పు.

ఎంతసేపు? రోజుకి పదిహేను నిమిషాలు, వారానికి ఐదు రోజులు. ఆదివారం రెండు గంటలు కూర్చోబెట్టడంకన్నా ఇది నయం. మొదటి మూడు నిమిషాలు నోటి లెక్కలు, పదికి జోడీలో, చీటీలో. తర్వాత పది నిమిషాలు ఒకే ఒక్క విషయం. చివరి రెండు నిమిషాలు బిడ్డ మీకు టీచరై చెప్పాలి. కన్నీళ్ళు వస్తే ఆ రోజుకి ఆపేయండి. ఏడుస్తూ చేసిన లెక్కలో నేర్చుకునేది భయమే. ఇంకో మాట, అమ్మలకి ప్రత్యేకంగా: "నాకూ లెక్కలు రావులే, దానికి నా పోలికే" అని బిడ్డ ముందు అనకండి, ముఖ్యంగా ఆడపిల్ల ముందు. అది ప్రేమతో అన్న మాటే కావచ్చు, కానీ పిల్లలు దాన్ని తీర్పులా తీసుకుంటారు. "నాకిది తెలీదు, ఇద్దరం కలిసి చూద్దాం రా" అనండి.

ఎవరో చెయ్యెత్తారు. చెప్పండమ్మా.

(సభలోంచి ఒక తల్లి: బడిలో ఒకలా చెప్తున్నారు, నేను నేర్చుకున్నది ఇంకోలా. ఏది చెప్పాలండీ?)

బిడ్డ నోటుపుస్తకం తెరిచి, టీచరుగారు చేయించిన లెక్క ఒకటి చూడండమ్మా. "మీ టీచరు ఎలా చెప్పారో నాకు నేర్పించు" అని అడగండి. నేర్పగలిగితే అదే కొనసాగించండి. మీ పద్ధతి, అది పూర్తిగా కుదిరాక, సరిచూసుకోవడానికి రెండో దారిగా చెప్పండి. రెండూ ఒకేసారి చెప్తే ఇందులో సగం అందులో సగం కలిపేస్తారు.

(మరొకరు: అబాకస్‌లో చేర్పించమంటారా?)

అబాకస్‌తో కూడికలు తీసివేతలు వేగంగా చెయ్యడం వస్తుందండీ. ఏ లెక్కకి కూడాలి, ఏ లెక్కకి తియ్యాలి అన్నది దాంతో రాదు. బిడ్డకి సరదా ఉంటే పంపండి. పద సమస్యలు రావడం లేదని మాత్రం పంపకండి, ఆ జబ్బుకి ఆ మందు కాదు.

(ఒక తాతగారు: నేను చదువుకోలేదు బాబూ, మనవడికి ఏం చెప్పేది?)

మీరు చెప్పక్కర్లేదండీ, అడిగితే చాలు. వాడు లెక్క చేశాక "ఇది నాకర్థమయ్యేలా గింజలతో చూపించరా" అనండి. చూపించగలిగితే వాడికి వచ్చినట్టే. మధ్యలో ఆగిపోతే, ఎక్కడ ఆగాడో ఆ పేజీకి చీటీ పెట్టి మర్నాడు టీచరుగారికి చూపించమనండి. "లెక్కలు రావడం లేదు" అని చెప్పడంకన్నా "కట్ట విప్పే దగ్గర ఆగిపోతున్నాడు" అని చెప్తే టీచరుగారికి ఎక్కడ పట్టుకోవాలో వెంటనే తెలుస్తుంది.

వెనక బల్లల మీద పుల్లలు, రబ్బరు బ్యాండ్లు, అట్టముక్కలు, కత్తెరలు పెట్టాం. పిల్లల్ని కూడా పిలిచాం, వస్తున్నారు. మొదటి తరగతి వాళ్ళు కిటికీ వైపు, పదికి జోడీలు. రెండు మూడు తరగతుల వాళ్ళు మధ్య బల్లలు, 43 లోంచి 18. నాలుగు ఐదు వాళ్ళు తలుపు వైపు, ఎక్కాల చీటీలు. కత్తెర పనే మీది, పుల్లలు పిల్లలే కట్టాలి.